మత్తు లేకుండా కొలనోస్కోపీ: రోగి సౌఖ్యం

మలద్వారం గుండా వంగే గొట్టాన్ని పంపి, దాని కొసన ఉన్న కెమెరాతో పెద్దపేగు మొత్తాన్ని, వీలైతే చిన్నపేగు చివరి భాగాన్ని కూడా లోపలినుంచి చూసే పరీక్షను కొలనోస్కోపీ అంటారు. పెద్దపేగు పొడవు సుమారు మీటరున్నర. గొట్టం మందం 12, 13 మిల్లీమీటర్లు ఉంటుంది. మలంలో రక్తం పడడం, ఎడతెగని విరేచనాలు, కారణం తేలని రక్తహీనత, బరువు తగ్గిపోవడం, పేగు క్షయ అనుమానం మన ప్రాంతంలో ఈ పరీక్షకు పంపే ముఖ్య కారణాలు. భారతదేశంలో పెద్దపేగు క్యాన్సర్‌ను ముందుగా పట్టుకోవడానికి ఆరోగ్యవంతులందరికీ కొలనోస్కోపీ చేసే జాతీయ కార్యక్రమం లేదు. కాబట్టి ఇక్కడ ఈ పరీక్ష చేయించుకునేవారిలో ఎక్కువమంది ఏదో ఒక బాధతో వచ్చినవారే.

పరీక్షను మత్తు ఇచ్చి చేయవచ్చు, ఇవ్వకుండానూ చేయవచ్చు. మత్తు లేకుండా చేసినప్పుడు రోగి మెలకువగా ఉండి డాక్టర్‌తో మాట్లాడతాడు, కావాలంటే తెరమీద తన పేగును తానే చూసుకుంటాడు, అయిపోయాక లేచి బట్టలు కట్టుకుని నడిచి వెళతాడు. ఎంత నొప్పి పుడుతుందన్నది చాలావరకు చేసే పద్ధతి మీద, చేసే చేతి మీద ఆధారపడుతుంది. ఆ పద్ధతులే ఈ వ్యాస విషయం. వాటి అవసరం ఎంతటిదో తెలియాలంటే పరీక్ష జరిగే నగరంనుంచి కాక, రోగి బయల్దేరే ఊరినుంచి చూడాలి. ఇక్కడ తీసుకున్న ఊరు నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లి.

జక్రాన్‌పల్లినుంచి చూస్తే

ఆర్మూర్‌కు దగ్గరగా ఉన్న ఈ మండల కేంద్రం చుట్టూ పసుపు, మక్క, ఎర్రజొన్న పండుతాయి. సంక్రాంతి దాటినప్పటినుంచి ఎండలు ముదిరేదాకా పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, కల్లాల్లో ఆరబెట్టడం, కొమ్ము వేరు గోళ వేరు చేసి నిజామాబాద్ యార్డుకు తోలడం, ఇదే పని. జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం 2025లో నిజామాబాద్‌లోనే మొదలైంది. జిల్లాలో లెక్కలేనంతమంది ఆడవాళ్లు బీడీలు చుట్టి ఇల్లు నడుపుతారు. చాలా ఇళ్లలో మగవాళ్లు దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉంటారు.

మత్తు తీసుకున్న మనిషి సాధారణంగా 24 గంటలపాటు బండి నడపకూడదు, యంత్రాల దగ్గర పని చేయకూడదు, ముఖ్యమైన కాగితాల మీద సంతకం పెట్టకూడదు. వెంట ఒక పెద్దమనిషి ఉంటే తప్ప ఆస్పత్రి ఇంటికి పంపదు. కొడుకు గల్ఫ్‌లో, కోడలు చంటిపిల్లతో ఉన్న ఇంట్లో అరవై ఏళ్ల తల్లికి ఆ తోడు ఎక్కడినుంచి వస్తుంది? పసుపు ఉడకబెట్టే వారంలో ఇద్దరు మనుషులు రెండేసి రోజులు పని వదులుకోవడం అంటే ఏమిటో ఆ ప్రాంతంవారికి చెప్పనక్కర్లేదు. పరీక్షను వాయిదా వేస్తారు, రక్తం పడుతున్నా మొలలేనని సరిపెట్టుకుంటారు.

మత్తు లేని పరీక్ష విలువ అక్కడ తెలుస్తుంది. మత్తు డాక్టర్ ఖర్చు, పరీక్ష తర్వాత గంటల తరబడి పడుకోవడం, తోడు మనిషి కూలి మిగులుతాయి. అయితే ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. ఖర్చు తగ్గించడానికి మత్తు మానేసి, మిగతాదంతా పాత మోటు పద్ధతిలోనే చేస్తే అది రోగిని హింసించడమే. మత్తు తీసేసిన చోట నేర్పు, ఓపిక, సరైన సాధనాలు పెట్టినప్పుడే దీన్ని మంచి వైద్యం అనవచ్చు.

పేగు జబ్బులు నగరాలవేనని అనుకోవడం కూడా తప్పు. డాక్టర్ డి. నాగేశ్వర్ రెడ్డి హైదరాబాద్‌లో నెలకొల్పిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు 2020, 2022 మధ్య తెలంగాణలో ముప్పై వేలకు పైగా ఉదర రోగులను పరిశీలించారు. అల్సరేటివ్ కొలైటిస్, క్రోన్స్ వంటి పేగుపూత జబ్బులు పల్లెవాసుల్లోనూ పట్టణవాసుల్లోనూ దాదాపు ఒకే నిష్పత్తిలో కనబడ్డాయి. ఈ జబ్బులున్నవారికి కొలనోస్కోపీ ఒక్కసారితో అయిపోదు. ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చేయించుకోవాలి. మొదటిసారి భయపడిపోయిన మనిషి రెండోసారి రాడు.

నొప్పి ఎక్కడ పుడుతుంది

పేగు లోపలి పొరకు కోత తెలియదు. బయాప్సీకి ముక్క తీసినా, పేగు గోడమీద మొలిచే చిన్న పాలిప్‌ను ఉచ్చుతో కోసినా రోగికి ఏమీ అనిపించదు. పేగుకు తెలిసేది సాగడం ఒక్కటే. ఆ సాగడం రెండు రకాలుగా జరుగుతుంది.

దారి కనబడడం కోసం గాలి కొట్టినప్పుడు పేగు ఉబ్బుతుంది. ఇది మొదటిది. రెండోది ఇంకా పెద్ద బాధ. ఎడమ పొత్తికడుపులో సిగ్మాయిడ్ అనే వంకర భాగం ఎక్కడా గట్టిగా అతుక్కోకుండా వేలాడుతూ ఉంటుంది. గొట్టాన్ని ముందుకు తోసినప్పుడు కొస ముందుకు పోకుండా, గొట్టం నడుమ భాగం ఆ వంకరలో విల్లులా వంగి మెలి పడుతుంది. అప్పుడు పేగును వెన్ను వైపు కట్టి ఉంచే పొర లాగబడుతుంది. కడుపులో పట్టేసినట్టు, దొడ్డికి వచ్చినట్టు, ఒక్కోసారి చెమటలు పట్టి కళ్లు తిరిగినట్టు అనిపించేది అందుకే. మెలి విప్పి గొట్టాన్ని నిటారు చేస్తే ఆ నొప్పి క్షణాల్లో పోతుంది. కాబట్టి మెలకువగా ఉన్న రోగి మూలుగు డాక్టర్‌కు ఉపయోగపడే సమాచారం: మెలి పడింది, తోయడం ఆపు, వెనక్కి లాగు.

అందరికీ ఒకేలా ఉండదు. ఆడవాళ్లకు, బక్కపలుచని వారికి, బాగా కంగారుపడేవారికి, పొత్తికడుపు ఆపరేషన్ అయినవారికి బాధ ఎక్కువ. చివరి కారణం తెలుగు రాష్ట్రాల్లో ప్రత్యేకంగా పట్టించుకోవలసింది. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న స్త్రీలు దేశంలో అత్యధికంగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందువరుసలో ఉన్నాయని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపాయి. గర్భసంచి తీసిన చోట పేగు అతుక్కుని సిగ్మాయిడ్ మడతపడి ఇరుకవుతుంది, గొట్టం తిరగడం కష్టమవుతుంది. అంటే జక్రాన్‌పల్లి వైపునుంచి వచ్చే నడివయసు బీడీ కార్మికురాలు, ఎవరూ అడగకపోయినా, కష్టమైన పరీక్షకు అవకాశం ఉన్న రోగి. బల్ల ఎక్కించేముందు ఆపరేషన్ల చరిత్ర అడగడం, ఆమెకు సన్నని గొట్టం ఎంచడం, మత్తు అవసరం పడవచ్చని ముందే చెప్పడం డాక్టర్ బాధ్యత.

మత్తు చరిత్రలో హైదరాబాద్

మత్తు భద్రత గురించి ప్రపంచం వాదించుకున్న రోజుల్లో ఆ వాదానికి కేంద్రం హైదరాబాద్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్, హైదరాబాద్ వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ పూనికతో 1888లో, మళ్లీ 1889లో ఆనాటి మత్తుమందు క్లోరోఫాం భద్రతను తేల్చడానికి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. రెండోదానికి నిజాం ఇచ్చిన సొమ్ముతో లండన్‌నుంచి లాడర్ బ్రంటన్ అనే వైద్య శాస్త్రవేత్త వచ్చాడు. హైదరాబాద్ వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యుల్లో ఒకరు. క్లోరోఫాం గుండెను నేరుగా ఆపదని లారీ పట్టుబట్టాడు. అది తర్వాత తప్పని తేలింది. అయితే మత్తులో ఉన్న మనిషి ఊపిరిమీద కన్ను వేసి ఉంచాలన్న ఆయన పట్టుదలకు నేటికీ విలువ తగ్గలేదు.

ఇప్పుడు కొలనోస్కోపీకి మిడజోలం, ఫెంటానిల్ వంటి మందులు, లేదా ప్రొపోఫాల్ వాడతారు. ఇవి క్లోరోఫాం కంటే ఎన్నో రెట్లు సురక్షితం. అయినా ఊపిరి మందగించడం, ఆక్సిజన్ తగ్గడం, బీపీ పడిపోవడం వీటితోనూ జరుగుతాయి. అందుకు నిఘా యంత్రాలు, శిక్షణ పొందిన మనిషి కావాలి. వృద్ధులకు, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవారికి, నిద్రలో గురకపెడుతూ ఊపిరి ఆగేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. మత్తు మానితే ఈ భయం పోతుంది.

ఒక్కో దేశానికి ఒక్కో అలవాటు ఉంది. అమెరికాలో మత్తు లేకుండా చేయడం అరుదు. నార్వేలోనూ ఫిన్లాండ్‌లోనూ అది మామూలు విషయం. రెండు చోట్లా మనుషుల పేగులు ఒకటే. తేడా అలవాటులోనూ శిక్షణలోనూ ఉంది.

గాలికి బదులు నీళ్లు

మత్తు లేని పరీక్షను తేలిక చేసిన మార్పుల్లో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది నీటి పద్ధతి. పేగు గోడలో సంచుల్లాంటి ఉబ్బులున్న రోగుల్లో నీళ్లు పోస్తే గొట్టం సులువుగా పోతోందని 1984లోనే ఒక చిన్న లేఖ వెలువడింది. దాన్ని పూర్తి పద్ధతిగా మలచినవారిలో ముఖ్యుడు లాస్ ఏంజెలెస్‌లోని సెపుల్వెడా మాజీ సైనికుల ఆస్పత్రిలో పనిచేసిన ఫీలిక్స్ లియంగ్. 2000 దశకం మొదట్లో అక్కడ నర్సుల కొరత వచ్చి మత్తు ఇచ్చే వీలు లేకపోయింది. రోగులను తిప్పి పంపకుండా, మత్తు లేకుండా చేయించుకునే అవకాశం ఇచ్చి, ఆ బాధ తగ్గించే మార్గం వెతికారు. సిబ్బంది కొరత మన జిల్లా ఆస్పత్రులకూ కొత్త కాదు గనుక ఈ సంగతి మనకు దగ్గరది.

చేసేది ఇది. గొట్టం లోపలికి పోయేటప్పుడు గాలి పంపును పూర్తిగా కట్టేస్తారు. ఒంటి వేడికి దగ్గరగా ఉన్న నీళ్లను కొద్దికొద్దిగా వదులుతూ, ఆ నీళ్లలోనే దారి వెతుక్కుంటూ పోతారు. మిగిలి ఉన్న గాలి బుడగలను, మురికి నీళ్లను ఎప్పటికప్పుడు పీల్చేస్తారు. ఎడమ పక్కకు తిరిగి పడుకున్న రోగిలో నీటి బరువుకు సిగ్మాయిడ్ కిందికి దిగి వంపు సడలుతుంది, మెలి పడడం తగ్గుతుంది. గోరువెచ్చదనానికి పేగు బిగింపు వదులుతుంది. గాలి లేదు కాబట్టి పేగు పొడవుగా సాగదు. లోపలికి వెళ్లడానికి కొన్ని నిమిషాలు ఎక్కువ పడుతుంది, నొప్పి మాత్రం బాగా తగ్గుతుందని పలు దేశాల్లో జరిగిన పోలిక పరీక్షలు తేల్చాయి. పీల్చి తిరిగి నింపే పద్ధతిలో పేగు కడిగినట్టవడం వల్ల పాలిప్‌లు కూడా ఎక్కువగా దొరికాయి. దీనికి కావలసింది నీటి పంపు, లేకపోతే పెద్ద సిరంజి, ఓపికగల డాక్టర్. జిల్లా స్థాయిలో దీన్ని మొదలుపెట్టకపోవడానికి సాధనాల లేమిని కారణంగా చెప్పలేము.

వెనక్కి వచ్చేటప్పుడు పేగు గోడలను సరిగ్గా చూడాలంటే పేగు విచ్చుకోవాలి. అప్పుడు మామూలు గాలికి బదులు కార్బన్ డయాక్సైడ్ వాడడం మేలు. గాలిలో ఎక్కువ భాగమైన నైట్రోజన్ కంటే ఇది పేగు గోడ గుండా వందరెట్లకు పైగా వేగంగా రక్తంలోకి ఇంకి, ఊపిరితో బయటికి పోతుంది. మత్తు లేని రోగుల్లో దీని మేలును నార్వే వైద్యులు 2002లో ప్రచురించిన పరిశోధనలో చూపారు. పరీక్ష తర్వాత గంటల తరబడి ఉండే ఉబ్బరం, గ్యాస్ నొప్పి దీనితో దాదాపు ఉండవు. హైదరాబాద్‌నుంచి ఆర్మూర్ డిపో బస్సులో మూడు నాలుగు గంటలు కూర్చుని ఇంటికి పోవలసిన మనిషికి ఇది చిన్న సుఖం కాదు.

చేయి, భంగిమ, మాట

మంచి ఎండోస్కోపిస్టు తోసేదానికంటే ఎక్కువ వెనక్కి లాగుతాడు. కొంచెం లోపలికి పోయి, గొట్టాన్ని తిప్పుతూ వెనక్కి లాగి పేగును గొట్టం మీదికి మడతలుగా తెచ్చుకుంటాడు. మీటరున్నర పేగును ముప్పావు మీటరు గొట్టంతో చివరిదాకా చూడగలగడం ఆ నేర్పు ఫలితం. రోగిని ఎడమ పక్కనుంచి వెల్లకిలా, అవసరమైతే కుడి పక్కకు తిప్పడం, నర్సు అరచేత్తో బొడ్డు కింద లేదా ఎడమ పొత్తికడుపు మీద మెల్లగా అదిమిపెట్టి మెలి పడకుండా ఆపడం, ఈ రెండూ ఖర్చులేని పనులు. అదిమేది బలం కొద్దీ అయితే అదే కొత్త నొప్పి. మలద్వారం దగ్గర మంటకు లిగ్నోకెయిన్ జెల్లీ, పేగు బిగుసుకుపోతే హయోసిన్ సూది సాయపడతాయి. జపాన్ వైద్యులు పుదీనా జాతి నూనెను నీళ్లలో కలిపి పేగులో చిమ్మి బిగింపు తగ్గించారు.

మెలకువగా ఉన్న రోగికి మాట కూడా మందే. ఏం జరగబోతోందో ముందే తెలిసిన నొప్పిని ఓర్చుకోవడం సులువు. "అమ్మా, ఇప్పుడు మూల తిరుగుతున్నం, కడుపు పట్టేసినట్టు అయితది, ఓర్చుకోలేకుంటే చెప్పుండ్రి, ఆపుతా" అని ఆమె భాషలో చెప్పి, ఆపమన్నప్పుడు నిజంగా ఆపితే రోగి భయం సగం తగ్గుతుంది. ఆపే అధికారం తన చేతిలో ఉందని రోగికి తెలియాలి. తల దగ్గర కూర్చుని చేయి పట్టుకునే సిస్టర్ ఒకరుండాలి. రోగికి ఇష్టమైన పాట పెట్టినా కంగారు తగ్గుతుందని పరిశోధనలున్నాయి. ఘంటసాల పాటో, భజనో, ఎంపిక రోగిది కావాలి.

సిగ్గు గురించి మన ఆస్పత్రులు తగినంత ఆలోచించడం లేదు. పల్లె స్త్రీకి నొప్పి కంటే ముందు వచ్చే బాధ అదే. వెనుక చీలిక ఉన్న పరీక్ష నిక్కరు, ఒంటిమీద దుప్పటి, మూసిన తలుపు, గదిలో అవసరమైనవారు మాత్రమే ఉండడం, వీలైతే మహిళా డాక్టర్ లేదా కనీసం మహిళా నర్సు, ఇవన్నీ ఉండాలి. సిగ్గుతో బిగుసుకున్న ఒళ్లు మలద్వారాన్నీ బిగిస్తుంది, మొదటి అంగుళంలోనే నొప్పి మొదలవుతుంది.

రోగి ఇంటికి తీసుకెళ్లే జ్ఞాపకం కూడా వైద్యానికి సంబంధించినదే. తర్వాత ఆర్థికశాస్త్రంలో నోబెల్ పొందిన మనస్తత్వవేత్త డేనియల్ కానెమన్, కెనడా వైద్యుడు డొనాల్డ్ రెడెల్‌మయర్ కొలనోస్కోపీ రోగులనే పరిశీలించారు. పరీక్ష ఎంతసేపు జరిగిందన్నదాన్ని మనసు పెద్దగా లెక్కపెట్టదని, అన్నిటికంటే ఎక్కువ నొప్పి ఉన్న క్షణాన్ని, చివరి నిమిషాలను గుర్తుంచుకుంటుందని 1996లో తేల్చారు. 2003లో ప్రచురించిన మరో అధ్యయనంలో 682 మందిలో కొందరికి పరీక్ష ముగిశాక గొట్టం కొసను పురీషనాళంలో కదపకుండా కొద్దిసేపు ఉంచి తర్వాత తీశారు. సమయం పెరిగినా, వారు పరీక్షను తక్కువ బాధాకరంగా గుర్తుంచుకున్నారు. గొట్టాన్ని చివర్లో సర్రున లాగేయకూడదని దీని అర్థం.

పేగు శుభ్రత, బస్సు ప్రయాణం

శుభ్రంగా లేని పేగులో ఎక్కువసేపు కడగాలి, ఎక్కువ గాలి పోయాలి, నొప్పి పెరుగుతుంది. రెండు మూడు రోజుల ముందునుంచి మక్క గట్క, జొన్నరొట్టె, ఆకుకూరలు, నువ్వులు, జామకాయ, గింజలున్న కూరలు మానాలి. తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ, గుడ్డు తినవచ్చు. ముందురోజు కొబ్బరినీళ్లు, పాలు లేని టీ, పప్పు లేని పలుచని చారు వంటి ద్రవాలే. ఐరన్ మాత్రలను సుమారు వారం ముందు ఆపాలి. రక్తం పలుచన చేసే మందులు, షుగర్ మందులు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఆపకూడదు.

పాలిఇథిలిన్ గ్లైకాల్ పొడిని నీళ్లలో కలిపి సగం ముందురోజు సాయంత్రం, సగం పరీక్షకు నాలుగైదు గంటల ముందు తాగితే పేగు బాగా శుభ్రపడుతుంది. నగరంలో ఉన్నవాడికి ఇది సులువు. జక్రాన్‌పల్లినుంచి హైదరాబాద్ నూటయాభై కిలోమీటర్లకు పైనే. పొద్దున పరీక్ష అంటే రెండో మోతాదు తాగిన మనిషి తెల్లవారుజామున బస్సులో ఉండాలి, ప్రతి పావుగంటకూ మరుగుదొడ్డి కావాలి. ఫలితంగా చాలామంది రెండో సగం తాగకుండానే వస్తారు. దూరం ఊళ్లవారికి మధ్యాహ్నం సమయం ఇవ్వడం, లేదా ఆస్పత్రికి వచ్చాక మందు తాగి మరుగుదొడ్డికి పోయే ఏర్పాటు చేయడం ఏ ఆస్పత్రికైనా చేతనయ్యే పని. దీనికంటే మేలైన పరిష్కారం ఈ పరీక్ష నిజామాబాద్‌లోనే మంచిగా అందడం. 2013లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చిన జిల్లా కేంద్రంనుంచి ఆ మాత్రం కోరడం అత్యాశ కాదు.

మత్తు ఎప్పుడు కావాలి

పెద్ద పాలిప్‌ను చాలాసేపు కోయవలసినప్పుడు, పిల్లలకు, కడుపులో అతుకులు ఎక్కువగా ఉన్నవారికి, ఇదివరకు భరించలేని అనుభవం అయినవారికి, విపరీతంగా భయపడేవారికి మత్తే సరైనది. మత్తు అడగడం పిరికితనం కాదు. ఓర్చుకో అని గదమాయించే హక్కు ఎవరికీ లేదు. మధ్యేమార్గం ఒకటుంది: చేతికి సూది పెట్టి ఉంచి, మత్తు లేకుండా మొదలుపెట్టి, రోగి కోరితే ఆ క్షణమే ఇవ్వడం. ఆ ఏర్పాటు ఉందని తెలిసినవారిలో చాలామందికి అది వాడే అవసరమే రాదు. అయితే తోడు మనిషి లేకుండా వచ్చినవారికి ఈ దారి ఎంతవరకు కుదురుతుందో ముందే మాట్లాడుకోవాలి.

బ్రిటన్‌లో ప్రతి కొలనోస్కోపీకీ నర్సు రోగి సౌఖ్యాన్ని అంకెల్లో నమోదు చేస్తుంది. ఒక డాక్టర్ రోగుల్లో ఒక మోస్తరు లేదా తీవ్ర బాధ పడ్డవారు పదిశాతం దాటకూడదన్నది అక్కడి ప్రమాణం. నార్వే గ్యాస్ట్రోనెట్ రిజిస్ట్రీ ఇంకో అడుగు ముందుకు వేసి, నొప్పి ఎంతో చెప్పమని రోగినే ప్రశ్నావళిలో అడుగుతుంది. మన రిపోర్టులో పెద్దపేగు మొదటి భాగమైన సీకం ఫొటో ఉంటుంది, పేగు ఎంత శుభ్రంగా ఉందో రాస్తారు, రోగి ఎంత బాధపడ్డాడో రాసే గడి సాధారణంగా ఉండదు. ఆ గడిని రిపోర్టులో చేర్చమని తెలుగు రాష్ట్రాల ఎండోస్కోపీ విభాగాలన్నిటికీ విజ్ఞప్తి. పరీక్షకు పోయే పాఠకులు ముందే మూడు ప్రశ్నలు అడగండి: లోపలికి పోయేటప్పుడు నీళ్లు వాడతారా, కార్బన్ డయాక్సైడ్ ఉందా, ఆపమంటే ఆపుతారా.